పదకొండు అంగుళాల ఒడంబడిక: ప్లేటు ఒకరిది, వింగ్ ఇంకొకరిది

స్కూబా డైవింగ్‌లో కొంత చేయి తిరిగినవాళ్లు జాకెట్‌ను వదిలి బ్యాక్‌ప్లేట్, వింగ్ వైపు మళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. జాకెట్ అంటే గాలి సంచీ, పట్టీలు, జేబులు అన్నీ కలిపి కుట్టేసిన ఒకే వస్తువు. బ్యాక్‌ప్లేట్ పద్ధతి అలా కాదు. వీపుకు ఆనేది ఒక లోహపు పలక. దాని సందుల్లోంచి నైలాన్ పట్టీ దూర్చి హార్నెస్ కట్టుకుంటారు. పలక వెనక గాలి సంచీ ఉంటుంది, దాన్నే వింగ్ అంటారు. దాని వెనక సిలిండర్. ఏది పాడైతే అది మార్చుకోవచ్చు, ఏది నచ్చితే అది తెచ్చుకోవచ్చు. అక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది: ఒక కంపెనీ ప్లేటుకు ఇంకో కంపెనీ వింగ్ కుదురుతుందా?

"కుదరక ఏం? అన్నిటికీ పదకొండు అంగుళాలే" అంటారు డైవర్లు. "సెట్టుగా కొనండి, కలగాపులగం చేస్తే మా పూచీ లేదు" అంటారు తయారీదారులు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది గానీ, ఎవరి మాట ఎక్కడి వరకు చెల్లుతుందో విడదీసి చూడాలి. ఆ పదకొండు అంగుళాల కొలత పుట్టింది జంట సిలిండర్ల కోసం. జంట సిలిండర్లతో వాడినంతకాలం అది దాదాపు అందరినీ కలుపుతుంది. వినోదం కోసం దిగేవాళ్లలో ఎక్కువమంది వీపున ఉండేది మాత్రం ఒకే సిలిండర్. ఈ విషయంలో వచ్చే చిక్కుల్లో ముఖ్యమైనవన్నీ ఆ తేడాలోంచి వచ్చినవే.

గుహల్లో పుట్టిన కొలత

ఉత్తర ఫ్లోరిడా నేల కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. యుగాలుగా నీరు దాన్ని కరిగిస్తూ మైళ్ల పొడవున గుహలను తొలిచింది. వాటిలోకి ఈదుకుంటూ వెళ్లే డైవర్లకు తలపైన రాతికప్పు ఉంటుంది. గాలి అయిపోతే నేరుగా పైకి తేలిపోయే వీలు లేదు. అందుకే వాళ్లు రెండు సిలిండర్లను పక్కపక్కన బిగించి, పైన గొట్టంతో కలిపి వాడేవారు. అంత బరువును కదలకుండా వీపుకు పట్టి ఉంచడం మెత్తటి జాకెట్ల వల్ల అయ్యే పని కాదు.

1979లో గ్రెగ్ ఫ్లానగన్ ఈ గుహ డైవర్ల కోసం లోహపు పలక తయారుచేశాడని డైవింగ్ చరిత్రలో చెప్పుకుంటారు. విలియం హోగార్త్ మెయిన్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. ఒకే పట్టీ, కొద్దిపాటి డీ-రింగులు, వేలాడే వస్తువు ఒక్కటీ లేకపోవడం అన్న ఆయన పద్ధతికి హోగార్థియన్ అనే పేరు స్థిరపడింది. 1984లో అదే ప్రాంతపు లేక్ సిటీలో మొదలైన డైవ్ రైట్, ఆ తర్వాత హాల్సియన్ వంటి సంస్థలు ఇలాంటి సరుకును అంగళ్లలోకి తెచ్చాయి. 1998లో ఏర్పడిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ వంటి శిక్షణ సంస్థలతో పాటు ఈ అమరిక యూరప్, ఆసియాలకూ పాకింది.

ఈ మొత్తంలో ఏ ప్రభుత్వమూ, ఏ ప్రమాణాల సంఘమూ పదకొండు అంగుళాలను శాసనం చేయలేదు. పలకకు పైనొకటి, కిందొకటి రెండు రంధ్రాలు. వాటి మధ్య బిందువుల దూరం 11 అంగుళాలు, అంటే 279.4 మిల్లీమీటర్లు. కొత్తగా వ్యాపారంలో దిగినవాడికి వేరే కొలత పెట్టుకునే స్వేచ్ఛ ఉంది. కానీ డైవర్ల దగ్గర అప్పటికే ఉన్న సిలిండర్ల మీద తన ప్లేటు కూర్చోకపోతే కొనేవాడుండడు. కొనేవాళ్ల మొండితనం ఇలా తయారీదారుల మధ్య ఒడంబడికైంది. యూరప్‌లో 280 మిల్లీమీటర్లని లెక్కగట్టి రంధ్రం వేసినా తేడా అర మిల్లీమీటరు పైచిలుకే. రంధ్రం బోల్టు కంటే కాస్త వదులుగా ఉంటుంది కనుక ఆ తేడా అందులో కలిసిపోతుంది.

జంట సిలిండర్ల దగ్గర పేచీ తక్కువ

జంటను బిగించే తీరు దగ్గరగా చూస్తే ఈ ఒడంబడిక ఎందుకు నిలబడిందో తెలుస్తుంది. రెండు సిలిండర్లనూ చుట్టి పట్టే స్టీలు బ్యాండ్లు రెండుంటాయి. ఒక్కో బ్యాండు నడుమ నుంచి ఒక్కో బోల్టు వీపు వైపు పొడుచుకు వస్తుంది. బోల్టులు పైకి ఉండేలా సిలిండర్లను పడుకోబెట్టి, వాటి మీదికి వింగ్ రంధ్రాలు దింపుతారు. దానిపైన ప్లేటు దింపుతారు. వాషర్ వేసి వింగ్‌నట్ చేత్తో బిగిస్తారు. వింగ్ అనేది సిలిండర్లకూ ప్లేటుకూ మధ్య నలిగి ఉండే గుడ్డ మాత్రమే. బరువు మోసేవి ఆ రెండు బోల్టులే. కనుక వింగ్‌కు సరైన దూరంలో రెండు రంధ్రాలుంటే చాలు, అది ఎవరిదైనా పని జరిగిపోతుంది.

చాలా వింగ్‌లకు ఒక జత కాక రెండు మూడు జతల రంధ్రాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. కంపెనీ మారితే వింగ్ కాస్త పైకో కిందికో వచ్చినా వీటితో సర్దుకోవచ్చు. ఇది వట్టి సౌకర్యం కాదు. వింగ్ మరీ పైకి వస్తే నిండినప్పుడు మెడ వెనక ఒత్తుతుంది, వాల్వుల మీదికి చేయి పోనివ్వదు. మరీ కిందికి దిగితే కాళ్లు తేలి తల వాలుతుంది. పొట్టివాళ్ల కోసం చేసే చిన్న ప్లేట్లకు కూడా రంధ్రాల దూరం సాధారణంగా అదే పదకొండు అంగుళాలు. తగ్గేది అంచుల పొడవే.

ఇక్కడ తప్పు జరిగేది కంపెనీల మధ్య కాదు, బిగించేవాడి చేతిలో. బ్యాండ్లు సిలిండర్ల మీద పైకీ కిందికీ జరుగుతాయి. టేపు పెట్టి కొలవకుండా కళ్లంచనాతో బిగిస్తే బోల్టుల దూరం నాలుగైదు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. అప్పుడు ప్లేటు దిగదు. నింద ప్లేటు మీద పడుతుంది.

చూపుకు ఒకటే, చుట్టుకు వేరు

కొలత ఒక్కటే అయినా బోల్టు జాతి రెండు రకాలు. అమెరికా సరుకులో ఎక్కువగా కనిపించేది 5/16 అంగుళాల బోల్టు. దాని మందం 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 18 థ్రెడ్‌లు, అంటే ఒక థ్రెడ్‌కూ ఇంకోదానికీ మధ్య 1.41 మిల్లీమీటర్లు. యూరప్ సరుకులో ఉండేది ఎమ్8. మందం 8 మిల్లీమీటర్లు, థ్రెడ్‌ల మధ్య దూరం 1.25. రెండు బోల్టులూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంటే ఏది ఏదో చెప్పడం కష్టం. ప్లేటు రంధ్రంలో రెండూ దూరతాయి.

పేచీ నట్టు దగ్గర వస్తుంది. ఒక జాతి నట్టును ఇంకో జాతి బోల్టుకు పెడితే మొదటి చుట్టు, రెండో చుట్టు బాగానే ఎక్కుతుంది. ఆ తర్వాత బిగుసుకుంటుంది. పడవ మీద తొందరలో ఉన్నవాడు ఇసుక పడిందేమో అనుకుని ఇంకాస్త బలం వాడతాడు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద స్టెయిన్‌లెస్ స్టీలు ఒత్తిడితో రాసుకుంటే రెండూ కొరుక్కుని అతుక్కుపోయే గుణం ఉంది. అలా పట్టేసిన నట్టు ముందుకూ రాదు, వెనక్కూ పోదు. రంపంతో కోయడమే గతి. అంతకంటే ప్రమాదకరమైనది, రెండు చుట్లు మాత్రమే ఎక్కిన నట్టును బిగిసిందనుకుని నీళ్లలో దిగడం. రెండు చుట్ల మీద జంట సిలిండర్ల బరువు వేలాడుతూ ఉంటుంది.

దీనికి మందు చాలా చవక. నట్టును ఎప్పుడూ దాని బోల్టుతోనే ఉంచాలి. వేర్వేరు కంపెనీల సరుకు కలిపేటప్పుడు నట్లు, బోల్టులు, వాషర్లు ఒకే చోట నుంచి ఒకే జాతివి తెచ్చుకోవాలి. కొత్త నట్టును పొడి నేల మీద, వేళ్లతో, చివరి దాకా తిప్పి చూశాకే నమ్మాలి.

అల్యూమినియం ప్లేటు వాడేవాళ్లకు ఇంకో మాట. ఉప్పునీటిలో స్టీలు బోల్టు, అల్యూమినియం ఆనుకుని ఉంటే అల్యూమినియం మెల్లగా తినుకుపోతుంది. కంపెనీ ఏదైనా ఈ రసాయనం మారదు. వాడాక మంచినీటితో కడిగి, అప్పుడప్పుడూ విప్పి చూసుకోవడమే చేయగలిగింది.

ఒంటి సిలిండర్: ఇక్కడే చిక్కంతా

ఒకే సిలిండర్ వాడేటప్పుడు పొడుచుకు వచ్చే బోల్టులు ఉండవు. బోల్టుల కోసం పుట్టిన పలకకు బోల్టులు లేని సిలిండర్‌ను ఎలా తగిలించాలి? దీనికి తయారీదారులు మూడు దారులు వెతికారు. పదకొండు అంగుళాల్లా ఇక్కడ ఒక్క మాట మీదికి ఎవరూ రాలేదు.

మొదటి దారి సింగిల్ ట్యాంక్ అడాప్టర్, అందరూ అనే మాటలో ఎస్‌టీఏ. సిలిండర్ ఒంపుకు తగినట్టు మలిచిన లోహపు పట్టాకు రెండు బోల్టులు అతికి ఉంటాయి. దాని సందుల్లోంచి క్యామ్ పట్టీలు దూర్చి సిలిండర్‌ను బిగిస్తారు. బోల్టులు వింగ్‌లోంచి, ప్లేటులోంచి వచ్చి నట్లతో ఆగుతాయి. జంట సిలిండర్ల బోల్టుల పాత్రను ఇది వేస్తుంది గనుక పదకొండు అంగుళాల ఒడంబడిక మళ్లీ పనిచేస్తుంది. ఎవరి ఎస్‌టీఏ అయినా ఎవరి ప్లేటుకైనా చాలావరకు కుదురుతుంది. నష్టమేమిటంటే ఒక లోహపు ముక్క అదనం, ఆ మందం మేర సిలిండర్ వీపుకు దూరం. దూరం పెరిగితే పక్కకు ఒరిగే గుణం పెరుగుతుంది.

రెండో దారిలో అడాప్టర్ ఉండదు. క్యామ్ పట్టీలను నేరుగా ప్లేటు సందుల్లోంచి, వింగ్ సందుల్లోంచి లాగి సిలిండర్‌కు చుడతారు. తేలిక, చవక, సిలిండర్ వీపుకు దగ్గర. కానీ ప్లేటులో ఆ సందులు ఉండాలి. అన్ని ప్లేట్లకూ ఉండవు. ఉన్నా వింగ్ సందులు సరిగ్గా వాటి ఎదురుగా రావాలి. ఈ సందుల ఎడం ఇంత ఉండాలన్న ఏకాభిప్రాయం లేదు. ఒకరి ప్లేటులో పై సందు ఉన్నచోట ఇంకొకరి వింగ్‌లో వట్టి గుడ్డ ఉండవచ్చు. అడ్డదిడ్డంగా లాగి పట్టీని దూర్చేవాళ్లున్నారు. ఏటవాలుగా పోయిన పట్టీ ఒక అంచు మీదే బలం మోపుతుంది. అక్కడ వింగ్ గుడ్డ అరుగుతుంది, సిలిండర్ పట్టు సడలుతుంది.

మూడో దారి రెండిటికీ నడుమది. సిలిండర్ అటూ ఇటూ దొర్లకుండా వింగ్ నడుమ భాగంలోనే గట్టి కడ్డీలను కుట్టేయడమో, ప్లేటు వెన్నునే సిలిండర్ ఆనేలా మలచడమో చేస్తారు. ఆ కంపెనీ ప్లేటు, ఆ కంపెనీ వింగ్ కలిపి వాడితే ఇది మూడిట్లోకీ చక్కగా నప్పే పద్ధతి. వేరే జతతో మాత్రం పొసగకపోవచ్చు. కడ్డీలున్న వింగ్ మీద ఎస్‌టీఏ కూడా పెడితే సిలిండర్ రెండు మెట్లు ఎక్కి కూర్చుంటుంది. కడ్డీలు లేని వింగ్‌ను మలచని ప్లేటుకు పట్టీలతో మాత్రమే కడితే సిలిండర్ నడకలోనే ఊగుతుంది.

విమాన ప్రయాణాల కోసం చేసే తేలికపాటి ప్లేట్లను విడిగా చూడాలి. బరువు తగ్గించే క్రమంలో కొన్నిటిని ఒంటి సిలిండర్‌కు మాత్రమే పనికొచ్చేలా చేశారు. పదకొండు అంగుళాల రంధ్రాలు కనిపించినంత మాత్రాన అవి జంట సిలిండర్ల బరువు మోస్తాయని అర్థం కాదు. తయారీదారు రాతపూర్వకంగా చెబితేనే నమ్మాలి.

బిగిసింది సరే, నప్పిందా?

రంధ్రాలు కలిశాయంటే సగం పరీక్ష గట్టెక్కినట్టే. మిగతా సగం నీళ్లలో తేలుతుంది. జంట సిలిండర్ల కోసం చేసిన వింగ్‌కు నడుమ భాగం వెడల్పు. గాలి అరలు రెండు సిలిండర్లకూ బయటి పక్కకు రావాలి కదా. అదే వింగ్‌ను ఒంటి సిలిండర్‌కు కడితే అంత గుడ్డకు ఆనుకోవడానికి చోటుండదు. రెండు పక్కలూ పైకి మడుచుకుని సిలిండర్‌ను చుట్టేస్తాయి. మడతల్లో గాలి చిక్కుకుని, వదలాలనుకున్నప్పుడు వాల్వు దాకా రాదు. పైకి తేలేటప్పుడు ఆ గాలే వ్యాకోచించి డైవర్‌ను వేగంగా ఎత్తేస్తుంది. బోల్టు రంధ్రాల పరంగా ఈ జత నూటికి నూరుపాళ్లు కుదిరినట్టే లెక్క. వాడకంలో మాత్రం తప్పుడు జత.

తిరగేసి చూస్తే, ఒంటి సిలిండర్ కోసం చేసిన సన్నటి వింగ్‌ను జంటకు బిగిస్తే అది సిలిండర్ల కింద నలిగి పూర్తిగా విచ్చుకోదు. పేరుకు ఉన్న లిఫ్ట్, అంటే తేల్చే శక్తి, చేతికి రాదు.

లిఫ్ట్ లెక్క కూడా కంపెనీ పేరు మీద కాక సిలిండర్ మీద ఆధారపడుతుంది. మన సముద్రాల్లో ఎక్కువగా దొరికే 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్, అదే ఏఎల్80, 207 బార్ వరకు నింపితే దానిలోని గాలి ఒక్కటే రెండున్నర కిలోలు దాటుతుంది. నిండుగా ఉన్నప్పుడు అది నీటిలో ముప్పాతిక కిలో మేర మునుగుతుంది. ఖాళీ అయితే రెండు కిలోల మేర తేలుతుంది. మూడు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ప్లేటు బరువు రెండున్నర కిలోల పైచిలుకు, అదే అల్యూమినియంతో అయితే కిలో లోపే. స్టీలు ప్లేటు తీసుకుంటే నడుముకు కట్టే సీసం అంతమేర తగ్గుతుంది. వెచ్చటి నీటిలో పలచటి సూటుతో ఒంటి సిలిండర్‌కు 13 కిలోల, అంటే దాదాపు 30 పౌండ్ల లిఫ్ట్ ఉన్న వింగ్ హాయిగా సరిపోతుంది. 232 బార్‌కు నింపిన రెండు 12 లీటర్ల స్టీలు సిలిండర్లలో గాలే ఆరున్నర కిలోలకు దగ్గర. అక్కడ 18 కిలోల నుంచి 27 కిలోల వరకు చూడాలి.

పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందన్న ఆశ ఇక్కడ చెల్లదు. అక్కర్లేని గుడ్డ నీటిలో ఈడుపు పెంచుతుంది, గాలి అటూ ఇటూ పొర్లి తూకం చెడగొడుతుంది. రెండు ప్రశ్నలు వేసుకుంటే కొలత తేలిపోతుంది. నిండు సిలిండర్‌తో సరంజామా మొత్తం విప్పేసి నీళ్ల మీద వదిలితే ఈ వింగ్ దాన్ని తేల్చి ఉంచుతుందా? దిగగానే నిండు సిలిండర్‌లోని గాలి బరువునూ, లోతులో నలిగి సూటు కోల్పోయే తేలుడునూ కలిపి భర్తీ చేయగలదా? రెండిటికీ అవునంటే అంతకు మించి అక్కర్లేదు.

గొట్టాలు, వాల్వులు

వింగ్‌కు గాలి తెచ్చే గొట్టం ఒక చివర రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్‌కు చేరుతుంది. అక్కడి లో-ప్రెషర్ థ్రెడ్ 3/8 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. ఇది దాదాపు అంతటా ఒకటే. కనుక ఎవరి గొట్టమైనా ఇక్కడ నిశ్చింతగా కూర్చుంటుంది. రెండో చివర ఉండే క్విక్ కనెక్టర్ కూడా మామూలు ఇన్‌ఫ్లేటర్లకు ఎక్కువగా ఒకే తరహాది. ఇన్‌ఫ్లేటర్‌లోనే శ్వాస తీసుకునే ఏర్పాటు ఉన్న ఎయిర్2, ఎస్ఎస్1 వంటివాటికి గాలి ఎక్కువ కావాలి, అందుకని వాటి కనెక్టర్ పెద్దది. మామూలు గొట్టం వాటికి పట్టదు.

వింగ్ ఒంటికి అంటి ఉండే భాగాల సంగతి వేరు. గొట్టం వచ్చి కలిసే ఎల్బో, అధిక పీడనాన్ని వదిలే వాల్వు, కింది అంచున తాడు లాగితే తెరుచుకునే డంప్ వాల్వు, లోపలి బ్లాడర్ ఇవన్నీ తయారీదారు ఇష్టం. కొన్ని కంపెనీలవి ఒకదానికొకటి పడతాయి, కొన్నివి పడవు. పడినట్టే ఉండి సన్నగా బుడగలు వదిలేవీ ఉంటాయి. వింగ్ ఎవరిదో విడిభాగం వాళ్లదే తెప్పించుకోవడం మేలు. హార్నెస్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పట్టీ వెడల్పు రెండంగుళాలు, అది ఎవరి ప్లేటులోనైనా దూరుతుంది.

పూచీ ఎవరిది?

యూరప్‌లో తేలుడు పరికరాలకు ఈఎన్ 1809 అనే ప్రమాణం ఉంది. గాలి నింపడం, వదలడం, పీడనానికి తట్టుకోవడం, లిఫ్ట్ వంటి పనితీరు దాని పరిధి. ఒక కంపెనీ ప్లేటు ఇంకో కంపెనీ వింగ్‌కు కుదరాలన్న షరతు దాని పని కాదు. తయారీదారు పరీక్షించి సీఈ గుర్తు వేసేది తన సరుకుతో కట్టిన సెట్టుకు. కలిపి కట్టుకున్న జతను ఎవరూ పరీక్షించలేదు. కాబట్టి "మా పూచీ లేదు" అన్న మాట వట్టి వ్యాపార ఎత్తుగడ కాదు. అయితే అది మొత్తం నిజమూ కాదు. గుహ డైవర్లు దశాబ్దాలుగా ఇలా కలుపుకునే వాడుతున్నారు. ఆ అలవాటు మీదే ఈ పరిశ్రమ పెరిగింది. విడదీసి మార్చుకోవచ్చని అమ్మేటప్పుడు చెప్పి, మార్చుకున్నాక పూచీ లేదనడంలో ఉన్న వైరుధ్యానికి తయారీదారులు జవాబు చెప్పాలి.

జవాబు చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. వింగ్ పెట్టె మీద మూడు కొలతలు అచ్చువేస్తే చాలు: క్యామ్ సందుల మధ్య దూరం, నడుమ భాగం వెడల్పు, బోల్టు జాతి. వీటిలో ఏదీ రహస్యం కాదు. వెబ్ పేజీలో లిఫ్ట్‌ను పెద్ద అక్షరాల్లో వేసే కంపెనీలు వీటిని మాత్రం కొనేవాడి ఊహకు వదిలేస్తుంటాయి.

మన కొనుగోలుదారుకు

విశాఖ రుషికొండ, చింతపల్లి దగ్గర మునిగిన ఓడ, అండమాన్ దీవులు, ఇలా చుట్టూ డైవింగ్ పెరుగుతోంది. అద్దెకు దొరికేవి ఎక్కువగా జాకెట్లే. సొంత ప్లేటు కావాలనుకున్నవాడికి సరుకు బయటి నుంచి రావాల్సిందే. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యతో ప్లేటు, యూరప్ నుంచి ఆర్డరు పెట్టిన వింగ్ అన్నట్టు రెండు ఖండాల సరుకు ఒకే ఇంట్లో కలిసే అవకాశం మనకు ఎక్కువే. అంటే 5/16, ఎమ్8 నట్లు ఒకే డబ్బాలో పడే అవకాశమూ ఎక్కువే. పైగా దేశీయ విమానాల్లో మామూలు టికెట్టుకు 15 కిలోల సామానే. స్టీలు ప్లేటు అందులో ఆరో వంతు తినేస్తుంది. అద్దె ఇచ్చేచోట సీసం ఎలాగూ దొరుకుతుంది కనుక తిరిగేవాడికి అల్యూమినియం ప్లేటే లాభం.

అన్నీ కలిపి చూశాక తేలేది ఇది. జంట సిలిండర్లు వాడేవాడు ప్లేటు, వింగ్, బ్యాండ్లు వేర్వేరు చోట్ల కొన్నా భయం లేదు, బోల్టు జాతి ఒకటైతే చాలు. ఒంటి సిలిండర్ వాడేవాడు ప్లేటునూ, వింగ్‌నూ, సిలిండర్ బిగించే ఏర్పాటునూ ఒకే తయారీదారు దగ్గర తీసుకోవాలి. వేర్వేరువి తప్పకపోతే ఎస్‌టీఏ దారి పట్టాలి, ఎందుకంటే పాత ఒడంబడిక వర్తించే దారి అదొక్కటే. రేపు జంటకు మారతాననుకునేవాడు ఇవాళే పెద్ద వింగ్ కొనడం దండగ. ప్లేటు, హార్నెస్ అలాగే ఉంచి అప్పుడు రెండో వింగ్ కొనుక్కోవడం తెలివైన పని. ఏ జత కట్టినా మొదటి దిగుడులో లోతు తక్కువ ఉన్నచోట, నిండు సిలిండర్‌తో, నింపడం వదలడం రెండూ తనివితీరా పరీక్షించుకున్నాకే లోతుకు వెళ్లాలి. పదకొండు అంగుళాలు కలిస్తే ప్లేటు బిగుస్తుంది. అంతకు మించి ఆ కొలత ఎవరికీ హామీ ఇవ్వలేదు.